‘మాత్ర వేసుకున్నారా?’ అని అడిగే యాప్‌ను ముందు ఎవరు పరీక్షించాలి?

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారములు.

ఆరోగ్య రంగంలో కొత్త యాప్ వచ్చిందని, దాన్ని ఇన్ని లక్షల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారని మీ పత్రికలోను, ఇతర పత్రికల్లోను తరచుగా వార్తలు చదువుతున్నాను. ఆ వార్తల్లో ఎంత వెతికినా కనబడని సంగతి ఒకటుంది. యాప్ వాడినవారి ఆరోగ్యం వాడనివారి ఆరోగ్యం కంటే మెరుగుపడిందా, మెరుగుపడిందని ఎవరు, ఎక్కడ, ఎలా తేల్చారు అన్నదే అది. గోదావరి డెల్టా గ్రామాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మొదట కార్యకర్తగాను, తర్వాత పర్యవేక్షకుడిగాను పనిచేసి పదవీ విరమణ పొందిన నాకు ఈ విషయంలో కొంత అనుభవం ఉంది. కొంత చదివి తెలుసుకున్నది కూడా ఉంది. రెండూ కలిపి పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించండి.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా అక్కయ్యకు డెబ్బై ఏళ్లు దాటాయి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. దగ్గర్లోని పట్నంలో ఆవిడ చూపించుకునే ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు నిరుడు ఆవిడ ఫోనులో తమ యాప్ ఒకటి పెట్టి పంపించారు. ప్రతి రోజూ ఉదయం ఎనిమిది గంటలకు అది గంట మోగించి ‘ఈ రోజు మాత్ర వేసుకున్నారా?’ అని అడుగుతుంది. కింద ‘అవును’, ‘కాదు’ అని రెండు మీటలు ఉంటాయి. సమాధానం ఇచ్చేదాకా ఫోను తెరమీద ఎర్ర చుక్క పోదు. నేను వెళ్లిన రోజున ఆవిడ గంట మోగగానే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా ‘అవును’ నొక్కి ఫోను పక్కన పెట్టేసింది. మాత్ర ఏదని అడిగితే మూడు రోజుల క్రితమే షీటు అయిపోయిందని, అబ్బాయి ఆదివారం వచ్చి తెస్తాడని చెప్పింది. మరి అవునని ఎందుకు నొక్కావంటే, ‘కాదు అని నొక్కితే ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతుందిరా తమ్ముడూ, ఆ ఎర్ర చుక్క అలా కనబడుతూ ఉంటే మనసొప్పదు, అవునంటే ఊరుకుంటుంది’ అంది.

ఆ మూడు రోజులూ ఆసుపత్రి కంప్యూటరులో మా అక్కయ్య క్రమం తప్పకుండా మందు వాడే రోగిగా నమోదై ఉంటుంది. యాప్ చేసినవారి లెక్కలో ఆవిడ రోజూ యాప్‌ను తెరిచే ఆదర్శ వినియోగదారు. ఆవిడ ఒంట్లో మాత్రం బీపీ మాత్ర లేదు. తప్పు ఆవిడది కాదు. కాదు అన్నవారిని నాలుగు ప్రశ్నలతో విసిగించి, అవును అన్నవారిని వదిలేసేలా ఆ తెరను రూపొందించినవారు అబద్ధానికి దారి దగ్గర చేసి, నిజానికి దూరం చేశారు. ‘మాత్రలు అయిపోయాయి’ అని మూడో మీట ఒకటి పెట్టి, అది నొక్కగానే మందుల దుకాణానికో ఆసుపత్రి కౌంటరుకో కబురు వెళ్లే ఏర్పాటు చేసి ఉంటే ఆ గంటకు అర్థం ఉండేది. ఆ మీట ఉండాలన్న ఆలోచన గదిలో కూర్చున్నవారికి తట్టదు. మా అక్కయ్య పక్కన వారం రోజులు కూర్చుంటే తట్టి తీరుతుంది.

వినియోగదారులను ఆకట్టుకోవడం, పట్టి ఉంచడం అన్నది ఈ రంగంలో ఇప్పుడు అందరూ చెప్పే మాట. యాప్ పెట్టుకున్నవారిలో అత్యధికులు కొద్ది రోజులకే దాన్ని మరిచిపోతారన్నది నిజం. కెనడాలో పనిచేస్తున్న పరిశోధకుడు గుంథర్ ఐసెన్‌బాఖ్ 2005లోనే దీన్ని ఒక సూత్రంగా రాశారు. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన యాప్‌ల మీద 2019లో వెలువడిన ఒక విశ్లేషణలో, పెట్టుకున్న నెల రోజుల తర్వాత కూడా వాటిని తెరుస్తున్నవారు సగటున నూటికి నలుగురి కంటే తక్కువే అని తేలింది. ఈ జారిపోవడాన్ని ఆపాలన్న తపనతో గంటలు, చుక్కలు, పతకాలు, అభినందనలు పెడుతున్నారు. నా అభ్యంతరం ఇక్కడే. యాప్ తెరవడం వేరు, దానివల్ల మేలు జరగడం వేరు. మొదటిది కొలవడం తేలిక కాబట్టి దాన్నే కొలిచి, రెండోది జరిగినట్టే చూపిస్తున్నారు.

ఈ తేడాను నిజాయితీగా కొలిచి చూసినవారు మన దేశంలో లేకపోలేదు. క్షయ రోగులు ఆరు నెలల పాటు మానకుండా మందు వాడుతున్నారో లేదో తెలుసుకోవడానికి ‘99 డాట్స్’ అనే పద్ధతి వచ్చింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో బిల్ థీస్, ఆయన సహచరులు దానికి రూపమిచ్చారు. మాత్రల షీటు చుట్టూ ఒక అట్ట కవరు ఉంటుంది. మాత్రను నొక్కి బయటకు తీస్తే ఆ చోట దాగి ఉన్న ఫోను నంబరు బయటపడుతుంది. రోగి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, డబ్బు ఖర్చు లేదు, పెద్ద ఫోను అక్కర్లేదు. ఎంత తెలివైన ఆలోచన! అయినా తెలివైనదే కదా అని వదిలేయకుండా చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థకు చెందినవారు, వారితో కలిసి పనిచేసినవారు ముందుగా చెప్పకుండా రోగుల ఇళ్లకు వెళ్లి మూత్ర పరీక్ష చేశారు. మందు ఒంట్లో ఉందో లేదో ఆ పరీక్షలో తెలిసిపోతుంది. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం నిజంగా మందు వేసుకున్నవారిలో నూటికి 70 మంది విషయంలోనే ఫోను లెక్క సరిపోయింది. వేసుకోనివారిలో నూటికి 61 మందినే అది పట్టుకోగలిగింది. అంటే వేసుకుని కూడా ఫోను చేయనివారు ఉన్నారు, వేసుకోకుండానే చేసినవారూ ఉన్నారు. ఆసుపత్రి కంప్యూటరులో ఉన్న మా అక్కయ్య లెక్కను ఇలా ఎవరైనా తలుపు తట్టి సరిచూశారా?

ఇక మా జిల్లా కథ. ఇది మన తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినదని నా అభిప్రాయం. పశ్చిమ గోదావరి జిల్లాలో ‘స్మార్ట్ హెల్త్ ఇండియా’ పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ దాన్ని నడిపింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు, 40 ఏళ్లు దాటిన స్త్రీ పురుషులు అందులో ఉన్నారు. ఆశ కార్యకర్త చేతిలో ఒక ట్యాబ్ ఉంటుంది. ఆమె ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, వయసు, పొగతాగే అలవాటు, షుగర్ వంటి వివరాలు అందులో నమోదు చేస్తే, ఈ మనిషికి గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎంత ఉందో ఆ ట్యాబే లెక్కగట్టి చెబుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని ఆమె డాక్టరు దగ్గరకు పంపుతుంది. డాక్టరు దగ్గర ఉన్న ట్యాబ్ ఏ మందు ఇవ్వాలో సూచిస్తుంది. దీన్ని రాత్రికి రాత్రి గ్రామాల మీదకు వదలలేదు. అంతకుముందు కొద్దిమంది ఆశ కార్యకర్తలతో, కొన్ని గ్రామాల్లో వాడి చూసి, వారికి ఎక్కడ తికమక కలుగుతోందో గమనించి సరిదిద్దారు. ఆ తర్వాత ఏ కేంద్రానికి ఎప్పుడు ప్రవేశపెట్టాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి, విడతలవారీగా అమలు చేస్తూ, అమలైన కాలాన్ని అమలు కాని కాలంతో పోల్చారు. ఒక సాధనాన్ని పరీక్షించడానికి ఇంతకంటే నిఖార్సైన పద్ధతి దొరకడం కష్టం.

ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. ఆశ కార్యకర్తలు పని చేయగలిగారు, వేల మందిని పరీక్షించారు, ప్రమాదంలో ఉన్నవారిని గుర్తించారు. కాని అసలు కొలమానం వేరు. పై బీపీ 140 లోపుకు వచ్చినవారి నిష్పత్తిలో, ఈ పద్ధతి ఉన్న కాలానికీ లేని కాలానికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. సాధనం పనిచేసింది, బీపీ దిగలేదు. ఈ వాక్యాన్ని ఆరోగ్య యాప్‌లకు నిధులు మంజూరు చేసే ప్రతి అధికారీ తన బల్ల మీద అద్దం కింద పెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఎందుకు దిగలేదు? పరిశోధకులు తమ వ్యాసాల్లో రాసినది పక్కన పెట్టి, నేను చూసినదే చెబుతాను. ‘నీకు ప్రమాదం ఉంది, పీహెచ్‌సీకి వెళ్లు’ అని ట్యాబ్ చెప్పిన మనిషి మర్నాడు కూలి పని మానుకుని, ఆటో ఎక్కి ఏడు కిలోమీటర్లు వెళ్తాడు. ఆ రోజు డాక్టరు గారు సమీక్షా సమావేశానికి వెళ్లి ఉంటారు, లేదా ఆ పోస్టే ఖాళీగా ఉంటుంది. డాక్టరు ఉంటే, వారం రోజులకే మాత్రలు ఇచ్చి మళ్లీ రమ్మంటారు, ఎందుకంటే స్టాకు అంతే ఉంది. రెండోసారి వెళ్లడు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర పది రూపాయలకు రెండు మాత్రలు కొనుక్కుని, తలనొప్పి తగ్గగానే మానేస్తాడు. ఈ వరుసలో ట్యాబ్ చేయగలిగింది మొదటి మెట్టు ఒక్కటే. మిగిలిన మెట్లు లేనప్పుడు మొదటి మెట్టును ఎంత నునుపుగా చెక్కినా ఎక్కేవాడు అక్కడే ఆగిపోతాడు.

ఇదే తరహా పద్ధతిని ఇండోనేషియాలోని మలాంగ్ జిల్లాలో అమలు చేసినప్పుడు, గుండెజబ్బు ముప్పు ఉన్నవారిలో అవసరమైన మందులు వాడేవారు ఆ గ్రామాల్లో 15.5 శాతానికి చేరగా, పోల్చి చూసిన గ్రామాల్లో 1 శాతం దగ్గరే ఉండిపోయారు. ఆ ఫలితాలూ 2019లోనే వచ్చాయి. ఒకే వంశానికి చెందిన సాధనం ఒకచోట ఫలించి ఇంకోచోట ఫలించకపోయిందంటే, తేడా ట్యాబ్‌లో కాక దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉందని అనుకోవడమే సబబు. హర్యానా, కర్ణాటకల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ రోగుల కోసం పరీక్షించిన ‘ఎమ్‌వెల్‌కేర్’ అనే సాధనం కూడా మామూలు వైద్యం కంటే మెరుగైన ఫలితం చూపించలేకపోయింది. వీటిని వైఫల్యాలని నేను అనను. పరీక్షించారు కాబట్టే మనకు తెలిసింది. పరీక్షించకుండా రాష్ట్రమంతా పరిచేసిన వాటి సంగతి ఎప్పటికీ తెలియదు.

దీనికి ఎదురుగా మరో ఉదాహరణ ఉంది. 2017 చివర్లో తెలంగాణ, కేరళ, పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోని కొన్ని జిల్లాల్లో బీపీ నియంత్రణ కోసం ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. అక్కడ ముందుగా తేల్చుకున్నవి యాప్‌కు సంబంధించినవి కావు. ఏ మాత్రతో వైద్యం మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్నది రాష్ట్రమంతటా ఒకే తీరుగా ఉండాలని, ఆ రెండు మూడు రకాల మాత్రలు ఎప్పుడూ నిల్వ ఉండాలని, రోగికి నెల రోజుల మందు ఒకేసారి ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. పంజాబ్, మహారాష్ట్ర వంటి చోట్ల దానికి తోడుగా ‘సింపుల్’ అనే యాప్ వాడారు. పేరుకు తగ్గట్టే అందులో నింపవలసినవి చాలా తక్కువ. రోగి చేతిలో ఒక కాగితపు కార్డు, దాని మీద క్యూఆర్ గుర్తు ఉంటాయి. నర్సు దాన్ని ఫోనుతో చూసి, ఆనాటి బీపీ, ఇచ్చిన మందు నమోదు చేయడానికి 20 సెకన్లు కూడా పట్టదు. ఈ నెల రావలసి ఉండి రానివారి జాబితా దానంతట అదే తయారవుతుంది, నర్సు వారికి ఫోను చేస్తుంది. యాప్‌ను రూపొందించినవారు నర్సు సమయాన్ని సెకన్లలో కొలిచారన్నది నన్ను ఆకర్షించిన విషయం. మా కాలంలో మా సమయాన్ని రిజిస్టర్లలో కొలిచేవారు. ఒక్కో ఏఎన్‌ఎం దగ్గర డజనుకు పైగా ఉండేవి.

ఇప్పుడు ఆ రిజిస్టర్లు పోలేదు, వాటికి తోడు యాప్‌లు వచ్చాయి. నేను పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం ఒక కొత్త యాప్ మీద శిక్షణకు వెళ్లాను. చల్లని గది, పెద్ద తెర, చకచకా కదిలే పేజీలు. శిక్షకుడు ఒక కల్పిత రోగి వివరాలు నింపి మూడు నిమిషాల్లో ముగించాడు. నెల తర్వాత ఒక లంక గ్రామంలో అదే యాప్‌తో ఒక ఆశ కార్యకర్త పడుతున్న పాటు చూశాను. వివరాలన్నీ నింపింది. పంపే సమయానికి సిగ్నల్ లేదు. ఫోను పట్టుకుని పక్కింటి డాబా ఎక్కింది. కింద బీపీ పట్టీ చేతికి చుట్టించుకున్న ముసలాయన అలాగే కూర్చున్నాడు. డాబా మీద సిగ్నల్ వచ్చేసరికి యాప్ ఆమెను బయటకు నెట్టేసి మళ్లీ ఓటీపీ అడిగింది. నింపినదంతా పోయింది. ఆమె కిందికి దిగి వచ్చి, ‘బాబాయ్ గారూ, మీ పుట్టిన తేదీ ఇంకోసారి చెప్పండి’ అని అడిగింది. ‘ఇందాక చెప్పింది ఏం చేశావమ్మా?’ అన్నాడాయన. ఆ రాత్రి ఆమె ఆ వివరాలన్నీ ముందు పుస్తకంలో రాసుకుని, ఇంటికి వెళ్లి, పిల్లలు పడుకున్నాక యాప్‌లో ఎక్కించింది. ఆ రెండు గంటల పని ఏ లెక్కలోనూ లేదు. సిగ్నల్ లేని చోట నింపినది పోకుండా దాచుకోవాలన్నది చేయడానికి కష్టమైన పని కాదు. ఒక్క లంక గ్రామంలో ఒక్క పూట పరీక్షించి ఉంటే మొదటే తెలిసి ఉండేది.

భాష విషయం మరీ బాధ కలిగిస్తుంది. యాప్ తెలుగులో ఉందని ప్రకటిస్తారు. తీరా చూస్తే అది మనం మాట్లాడే తెలుగు కాదు, పత్రికలో మీరు రాసే తెలుగూ కాదు. మా అక్కయ్య యాప్‌లోనే ఒకసారి ‘రేపు మీ ఉపవాస రక్త చక్కెర పరీక్ష’ అని వచ్చింది. ఆవిడ శనివారం ఒంటిపూట ఉంటుంది. రేపు శుక్రవారమే కదా, పరీక్ష శనివారం పెట్టుకుంటే ఉపవాసమూ కలిసివస్తుందని ఒక రోజు వాయిదా వేసింది. ‘పరగడుపున షుగర్ పరీక్ష, పొద్దున్న ఏమీ తినకుండా రండి’ అంటే ఆవిడకు క్షణంలో అర్థమయ్యేది. ఫారం చివర ‘సమర్పించు’ అని ఉన్న మీటను చూసి, ‘ఎవరికి సమర్పించాలిరా, వెంకటేశ్వరస్వామికా?’ అని అడిగింది. ‘పంపండి’ అన్న మాట వారికి ఎందుకు తోచలేదో తెలియదు. ‘ఔషధ అనుసరణ నివేదిక’ అంటే ఏమిటో ఇంతకాలం ఈ శాఖలో పనిచేసిన నాకే అర్థం కాలేదు. అనువదించినవారిని నేను నిందించడం లేదు. వారికి ఒక పట్టికలో మాటలు వరుసగా ఇచ్చి, ఆ మాట ఏ తెర మీద, ఎవరి ముందు, ఏ సమయంలో కనబడుతుందో చెప్పకుండా తెలుగు చేయమని ఉంటారు.

దీన్ని పరీక్షించడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఈ విద్య తెలిసినవారు చేసే పద్ధతి ఒకటుంది. వాడబోయే మనిషి చేతికి ఫోను ఇచ్చి, ‘ఈ పని చేయండి, చేస్తూ మీ మనసులో ఏమనుకుంటున్నారో పైకి అనండి’ అని చెప్పి, పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. నోరు మూసుకుని కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైన భాగం. ఎక్కడ వేలు ఆగుతుందో, ఎక్కడ మొహం చిట్లిస్తారో, ఎక్కడ మనవణ్ణి పిలుస్తారో రాసుకోవాలి. ఇలా ఐదారుగురిని చూస్తేనే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. సరిదిద్ది, మళ్లీ ఇంకో ఐదుగురిని చూడాలి. ఆ ఐదుగురూ సంస్థ ఉద్యోగుల బంధువులు కాకూడదు. అందులో చదువు రానివారు ఒకరు, చూపు మందగించినవారు ఒకరు, చేయి వణికేవారు ఒకరు ఉండాలి. అడవి గ్రామాలకు ఉద్దేశించినదైతే తెలుగు రెండో భాషగా ఉన్న కోయ, సవర కుటుంబాలవారు కూడా ఉండాలి. వారి సొంత ఫోను మీదే, అంటే గాజు పగిలి, మెమొరీ నిండిపోయి, మనవడి ఆటలతో బరువెక్కిన ఆ ఫోను మీదే చూడాలి.

ఫోను ఎవరిది అన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం మాత్రమే. ఇవి 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల లెక్కలు. బీపీ, షుగర్ ఎక్కువగా ఉండే వయసువారు ఈ లెక్కలోకే రారు. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగి ఉంటాయి, నిజమే. కాని ఇంట్లో ఫోను ఉండడం, అది ఆమె చేతిలో ఉండడం ఒకటి కావు. మా అక్కయ్య యాప్‌లో ఏది మార్చాలన్నా ఓటీపీ బెంగళూరులో ఉన్న మా మేనల్లుడికి వెళ్తుంది, ఎందుకంటే ఆసుపత్రిలో నమోదు చేసిన రోజున ఆయన నంబరే ఇచ్చారు. ఆయన మీటింగులో ఉంటే ఆవిడ బీపీ ఆగిపోవలసిందే.

పెద్ద ఫోను లేని స్త్రీలను దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. బీహార్‌లో మొదలై 2016లో జాతీయ కార్యక్రమంగా మారిన ‘కిల్‌కారీ’ గర్భిణులకు నాలుగో నెల నుంచి, బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకసారి ఫోను చేసి, ‘డాక్టర్ అనిత’ అనే ఒక పాత్ర గొంతుతో జాగ్రత్తలు వినిపిస్తుంది. మామూలు బటన్ ఫోను చాలు, చదువు రానక్కర్లేదు. దీన్ని కూడా మధ్యప్రదేశ్‌లో 5,095 మంది గర్భిణులను రెండు బృందాలుగా చేసి పరీక్షించారు. తల్లిపాలు మాత్రమే పట్టడం విషయంలో తేడా రాలేదు. కుటుంబ నియంత్రణ పద్ధతులు వాడడంలో కొద్దిపాటి మెరుగుదల కనబడింది. ఇంత పెద్ద కార్యక్రమం ఫలానా విషయంలో పనికొచ్చింది, ఫలానా విషయంలో రాలేదు అని బహిరంగంగా చెప్పుకోగలగడం నా దృష్టిలో గొప్ప సంగతి.

హంగులేమీ లేని సాధనం బాగా పనిచేసిన ఉదాహరణ మన దక్షిణాదిలోనే ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2009-12 మధ్య షుగర్ రావడానికి దగ్గర్లో ఉన్న 537 మంది పురుషులను తీసుకుని, సగం మందికి ఆహారం, నడక గురించి తరచుగా ఎస్సెమ్మెస్‌లు పంపింది. మిగిలినవారికి మొదట్లో ఒకసారి సలహా చెప్పి ఊరుకుంది. రెండేళ్లకు ఎస్సెమ్మెస్‌లు అందినవారిలో 18 శాతం మందికి, అందనివారిలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. అందరికీ ఒకే సందేశం పంపలేదు. మారాలన్న ఆలోచనే లేనివారికి ఒక రకంగా, మొదలుపెట్టి తడబడుతున్నవారికి మరో రకంగా రాశారు. గంట లేదు, ఎర్ర చుక్క లేదు, పతకం లేదు. మాత్ర అందుబాటులో ఉండాలన్న చిక్కు కూడా అందులో లేదన్నది గమనించాలి. నడవడానికి, అన్నం తగ్గించడానికి స్టాకు అక్కర్లేదు కదా. సాధనం చేయగలిగిన పనినే సాధనానికి అప్పగించారు.

కోవిడ్ టీకాల కాలంలో కోవిన్ నమోదు మొదట ఇంగ్లిషులోనే ఉండడం, 18 నుంచి 44 ఏళ్లవారు ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు కావలసిందే అనడం, సుప్రీంకోర్టు 2021 మేలో దీన్ని ప్రశ్నించడం, జూన్‌లో తెలుగుతో సహా ఇతర భాషలు రావడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు అత్యవసరం అనుకున్నాం. ఇప్పుడు ఆ తొందర లేదు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖల వారికి నా విజ్ఞప్తి ఇది. ప్రజాధనంతో ఏ ఆరోగ్య యాప్ చేయించినా, రాష్ట్రమంతటా అమలు చేయడానికి ముందు కనీసం ఒక డెల్టా మండలంలో, ఒక మెట్ట మండలంలో, ఒక ఏజెన్సీ మండలంలో వాడి చూడాలన్న షరతు ఒప్పందంలోనే రాయాలి. కొన్ని పీహెచ్‌సీల్లో అమలు చేసి, కొన్నింటిలో ఆపి, ఆరు నెలలకో ఏడాదికో రెండింటినీ పోల్చాలి. పోల్చవలసినది డౌన్‌లోడ్‌లను కాదు. బీపీ అదుపులోకి వచ్చినవారు ఎందరు, మందు మధ్యలో మానేసినవారు ఎందరు, కార్యకర్తకు రోజుకు ఎన్ని నిమిషాలు ఎక్కువ పట్టింది అన్నవాటిని. మంచి వచ్చినా చెడు వచ్చినా ఫలితాన్ని తెలుగులో ప్రకటించాలి. కొత్త యాప్ ఒకటి ఇచ్చేటప్పుడు పాత రిజిస్టరో పాత యాపో ఒకటి తీసేయాలి. ఈ చివరిది జరగదని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

ఇది కలలో మాట కాదు. జర్మనీలో 2019 నాటి చట్టం ప్రకారం డాక్టర్లు యాప్‌లను మందు రాసినట్టే రాయవచ్చు, ఖర్చు ఆరోగ్య బీమా భరిస్తుంది. అయితే తయారు చేసినవారు దానివల్ల రోగికి మేలు ఉందని నిరూపించాలి. వెంటనే చూపలేకపోతే తాత్కాలికంగా ఒక ఏడాది గడువు ఇస్తారు. నిరూపించలేకపోయిన కొన్నింటిని జాబితాలోంచి తీసేశారు కూడా. మనకంటే పేద దేశమైన ఉగాండాలో, పొంతన లేకుండా పుట్టుకొస్తున్న ఆరోగ్య యాప్ ప్రయోగాలతో విసిగిపోయిన ఆరోగ్య శాఖ 2012లో వాటన్నిటినీ కొంతకాలం నిలిపివేసింది. మన దగ్గర 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని చెబుతోంది. ఆ తెలుగు కూడా ‘సమర్పించు’ తెలుగు కాకుండా చూడవలసిన బాధ్యత ఎవరిదో ఇప్పుడే తేల్చుకుంటే మంచిది.

ప్రైవేటు ఆసుపత్రుల వారికి, హైదరాబాదులోను విశాఖలోను ఇటువంటి యాప్‌లు తయారు చేస్తున్న యువతీ యువకులకు ఒక్క మాట. మీ తెలివిని నేను తక్కువ చేయడం లేదు. మీ యాప్‌ను పరీక్షించదలచుకుంటే మా అక్కయ్య ఇంటి పంచలో చాపలు, మంచినీళ్లు, ఆవిడ ఈడు ఆడవాళ్లు మరో నలుగురు సిద్ధంగా ఉంటారు. ఆవిడ మిమ్మల్ని నొప్పించదు, కాని ఉన్నమాట అనకుండా ఉండదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్యలో రండి. ఆ తర్వాత టీవీలో సీరియళ్లు మొదలవుతాయి, ఏ యాప్ వచ్చినా ఆవిడ తల తిప్పదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా